సముద్రానికి నీళ్లు మోసుకుపోయినవాళ్లం

నా చిన్నతనంలో సముద్రం చూడ్డానికి ఇంటి నుంచి రెండు డ్రమ్ముల నీళ్లు మోసుకుపోయిన కుటుంబం మాదొక్కటే అయ్యుంటుంది...

అనంతపురం జిల్లా బత్తలపల్లె దగ్గర మా ఊరు. ఆ ఏడూ శనక్కాయ ఎండిపోయింది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, పాత వ్యాను ఒకటి కొన్నాడు. చీరల మూటలేసుకుని నెల్లూరు మీదుగా చీరాల దాకా అంగళ్లకు ఇచ్చి రావాలి. ఆకాశం చూస్తూ కూర్చుని ఏం చేస్తారు, మీరూ రండి అన్నాడు. వ్యానులోనే పడక, రోడ్డు పక్కనే వంట.

అమ్మ ఒప్పుకున్నది ఒకే ఒక్క ఆశతో... తల నిండా, తనివితీరా ఒక్కసారి నీళ్లు పోసుకోవాలని. ఊరి బోరింగు దగ్గర మా వంతుకు రెండు బిందెలు వచ్చేవి. తాగడానికి, వంటకు పోగా అమ్మ ఒంటికి మిగిలేది రెండు చెంబులే.

నాయనేమో తోవలో నీళ్లు దొరకవని డ్రమ్ములు ఎక్కించాడు. మామ నవ్వాడు.

"బావా, మనం పోతాండేది సముద్రానికి."

"దాంట్లో తాగేటివి ఉండవు కదప్పా" అన్నాడు నాయన.

పట్టుచీరల మీద చుక్క పడకూడదు కదా... డ్రమ్ములకు గోనెపట్ట కట్టి, వాటిని కాళ్ల మధ్య ఇరికించుకుని కూర్చునే పని అమ్మకు పడింది. కదిరి, మదనపల్లె, తిరుపతి... గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో మూతలు అదిమిపట్టేది. నెల్లూరు వచ్చేసరికి ఆమె కాళ్లు వాచిపోయాయి. కిటికీలోంచి కాలువలు కనిపిస్తూనే ఉన్నాయి. దిగుదామంటే ఒకచోట మగవాళ్లు, ఇంకోచోట మామకు అంగడి మూసేస్తారన్న తొందర.

చివరికి సముద్రం వచ్చింది. అమ్మ చీరతోనే మునిగింది. బయటికొచ్చాక ఒళ్లంతా ఉప్పు, ఇసుక, దురద. కడుక్కోవడానికి నాయన డ్రమ్ములోంచి ముంచి ఇచ్చింది ఒక్క చెంబు. నాకు నాయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

మర్నాడు చీరాల ఇంకా కొంత దూరం ఉండగా, ఒక పొలంలో మోటరు ఆడుతూ కనిపించింది. గొట్టం నిండా నీళ్లు... మామ తనంతట తనే వ్యాను ఆపాడు. ఆ పొలం ఆవిడ అమ్మ వాలకం చూసి, ఎంతసేపైనా పోసుకో వదినా అని సబ్బు కూడా ఇచ్చింది. నేను చీర అడ్డం పట్టుకున్నాను. అమ్మ గొట్టం కింద తల పెట్టింది. కళ్లు మూసుకుని నవ్వింది. అమ్మ అట్లా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

కాసేపటికి కళ్లు తెరిచి, కిందికి చూసింది.

"ఈ నీళ్లు యాడికి పోతాండాయమ్మా?"

"మడి ఎప్పుడో నిండిపోయింది వదినా. మురుక్కాలవలోకే."

అంతే. అమ్మ బయటికొచ్చేసింది. తలలో సబ్బు నురుగు ఇంకా అట్లాగే ఉంది. మోటరు ఆపేయమ్మా అని ఆమెను బతిమాలింది. ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. నాకూ కాలేదు, ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం కాళ్లు వాచేలా వచ్చింది ఇందుకా?

వ్యానెక్కాక మామ అడిగాడు, తల నిండా పోసుకుంటివా అక్కా అని. అమ్మ కొంగుతో తలలోని నురుగు తుడుచుకుంది.

"పోసుకోలేకపోతిని రా. అన్ని నీళ్లు ఊరికే పోతాంటే ఆడ నిలబడేకి నా చేత కాలేదు. ఈ పొద్దు ఊర్లో మన వంతు. మన బిందెలు ఎవరు పట్టుకున్నారో ఏమో."

నాయన తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పుడు అనంతపురంలో మా ఇంట్లో షవరు ఉంది, ఎప్పుడు తిప్పినా నీళ్లు వస్తాయి. అమ్మ లేదు. బాగా అలసిపోయిన రోజున, ఆమె కోసమైనా తనివితీరా స్నానం చేద్దామని షవరు కింద నిలబడతాను... రెండు నిమిషాలకే నా చెయ్యి దానంతటదే పోయి కట్టేస్తుంది.

మీ అమ్మలు కూడా ఇట్లా దొరికిన సుఖాన్ని సగంలో వదిలేసి వచ్చారా? వచ్చుంటే రాయండి, చదువుతాను.