డబ్బాల వదిన కొట్టుగది

మా పక్క వాటాలో ఉండే ఆవిణ్ణి వీధంతా డబ్బాల వదిన అనేది. ఎవరింటికి వెళ్ళినా, టీ ఇచ్చినా ఇవ్వకపోయినా, ఒక ఖాళీ డబ్బా మాత్రం అడిగి తెచ్చుకునేది. "మూత గట్టిగా పడుతుందా?" అన్నదొక్కటే ఆవిడ ప్రశ్న. ఆ పేరుకి ఆవిడేమీ నొచ్చుకోలేదు. కొన్నాళ్ళకి చీటీలు కట్టించుకునే మనిషి కూడా గుమ్మంలో నిలబడి "డబ్బాల వదినగారూ" అని పిలవడం మొదలుపెట్టాడు.

మా రెండు వాటాలకీ మధ్య ఒకటే గోడ. నేను ఇంట్లోనే కూర్చుని బట్టలు కుడతాను కాబట్టి ఆ ఇంట్లో మూత తీసిన చప్పుడు కూడా నాకు తెలుస్తుంది. వాళ్ళు నలుగురు: వదిన, ఆవిడ భర్త, బడికెళ్ళే కూతురు, అత్తగారు. భర్త నూలు మిల్లులో ఫిట్టరు. ఎవరైనా పలకరిస్తే ముందు నవ్వి, తర్వాత ఆలోచించి మాట్లాడే మనిషి.

కొట్టుగది మెట్ల కింద ఉండేది. ఒంగి లోపలికి వెళ్ళాలి, ఒంగే బయటికి రావాలి. ఫిట్టరుగారు పాత చెక్కపెట్టెలు విప్పి అరలు కొట్టారు. అడుగున ఇటుకల మీద బియ్యం డ్రమ్ము, పిండి డ్రమ్ము. ఆ పైన పప్పులు, చిక్కుడు గింజలు. ఇంకా పైన ఉప్పు, పంచదార. కప్పు కిందికి దిగే మూల గడ్డి పరిచి దుంపలు. చిరిగిన దోమతెర సంచుల్లో ఉల్లిపాయలు వేలాడేవి. సంత ముగిసే వేళకి వదిన వెళ్ళి, ఎవరూ కొనని దెబ్బతిన్న టమాటాలు గుట్టగా తెచ్చి, పాడైన చోటు కోసి పారేసి, మిగిలింది చక్రాలుగా తరిగి డాబా మీద ఎండబెట్టేది. నూనె సీసా ఖాళీ అయ్యాక ఇంకో సీసా మీద బోర్లించి రాత్రంతా ఉంచేది. మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటు కాళ్ళు కత్తిరించి నా చేత సంచులు కుట్టించేది.

"మా ఆయన ప్యాంట్లు రిటైరయ్యాక పప్పుల ఉద్యోగంలో చేరతాయి," అనేది. ఫిట్టరుగారు ముందు నవ్వి, తర్వాత ఆలోచించి, "పెన్షను లేని ఉద్యోగం," అనేవారు.

ఇదంతా ఆవిడ కాపురానికొచ్చాక నేర్చుకున్న విద్య. నేర్పింది అత్తగారు. పెళ్ళైన ఏడాదే మిల్లులో సమ్మె వచ్చింది. అప్పుడు అత్తగారి మరుదులూ వాళ్ళ పిల్లలూ అంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. మిల్లు గేటు మళ్ళీ తెరిచేదాకా ఆ ఇల్లంతా తిన్నది ఆ గదిలోంచే. డ్రమ్ములోకి చెయ్యి పెట్టే హక్కు అత్తగారిది ఒక్కదానిదే. "అడుగు నాకు కనిపిస్తే చాలు, మీకు కనిపించకూడదు," అనేదట. ఆ మాట చెప్పినప్పుడల్లా వదిన కళ్ళలో ఒక మెరుపు ఉండేది. సొంత తల్లి గురించి కూడా ఆవిడ అలా చెప్పగా నేను వినలేదు.

మొదట పంచదారలో ఉప్పు కలిసింది. టీ తాగిన ఫిట్టరుగారు ముందు నవ్వలేదు. అత్తగారు మాత్రం పక్కున నవ్వేసింది. "ముసలిదాన్నయ్యానర్రా, చత్వారం," అంది. మేమూ నవ్వాం. జల్లెడ పట్టుకుని బయల్దేరిన వదిన, ఉప్పూ పంచదారా ఒకే సైజున్నాయని చూసుకుని, జల్లెడ మళ్ళీ మేకుకి తగిలించేసింది.

తర్వాత ఒక పొద్దున్న గోడ అవతల దబ్ దబ్ మని చప్పుడు వింటే ఏదో బట్టలు ఉతుకుతున్నారనుకున్నాను. వెళ్ళి చూస్తే వంటింటి నేల మీద పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పిండి డ్రమ్ము మొత్తం నేల మీద బోర్లించి, బిందెడు నీళ్ళు పోసి, కలుపుతోంది. మోచేతుల దాకా పిండి. గుమ్మం దగ్గర వదిన నీళ్ళ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవరికత్తయ్యా ఇంత?"

"ఎవరికేమిటే అమ్మాయ్, మరుదులు పనిలోంచి వచ్చే వేళైంది. పిల్లలు పొద్దున్నుంచీ పస్తు. ఒక్కదానివి ఎంతని చేస్తావని నేనే మొదలుపెట్టాను."

ఆ మరుదుల్లో ఇద్దరు పోయి చాలా కాలమైంది. మూడోవాడు ఎక్కడున్నాడో కూడా తెలియదు.

ఆ రోజు మా రెండిళ్ళూ, ఎదురింటివాళ్ళూ ఆ పిండితోనే రొట్టెలు కాల్చుకున్నాం. వదిన పుల్లగా మారిన ముద్దల్ని కూడా పారెయ్యకుండా చివరిదాకా కాల్చింది. 

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పెద్దావిణ్ణి ఊరి పేరు, వారం పేరు, కొడుకు పేరు అడిగాడు. కొడుకు పేరు చెప్పింది. మిగతావి "మీకు తెలీదా?" అని ఆయన్నే ఎదురు అడిగింది. ఆయన ఫిట్టరుగారిని బయటికి పిలిచి, "ఇది తగ్గేది కాదండీ. పెరుగుతుంది. గొడవ పడకండి, భయపెట్టకండి. అంతే," అన్నాడు. మందు ఒకటి రాసిచ్చాడు. అది ఆవిడ నాలుక కిందే దాచుకుని కుండీలో ఉమ్మేసేది.

అప్పుడు కొట్టుగదికి తాళం వేశారు. వెయ్యాల్సి వచ్చింది. మిల్లులో అప్పటికే ఒక పూట పని తగ్గించారు, గేటు దగ్గర ఏవో గుసగుసలు నడుస్తున్నాయి. "ఆ గదే లేకపోతే రేపు ఏం తింటాం?" అన్నారు ఫిట్టరుగారు. వదిన తాళంచెవి నడుముకి కట్టుకుంది.

పెద్దావిడ ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. తిండి పెడితే తినలేదు. పళ్ళెం వైపు చూసి, "నాకు వద్దు, పిల్లలకి పెట్టు," అంది. రెండో రోజు వీధి కిటికీ దగ్గరికి వెళ్ళి ఊచలు పట్టుకుంది.

"నా కడుపు ఎండబెడుతున్నారమ్మా! గదిలో పెట్టి తాళం వేశారు! తిండి గదికి తాళం వేశారు!"

వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగారు. కొత్తగా దిగిన అద్దెవాళ్ళమ్మాయి గబగబా ఇంట్లోకెళ్ళి రెండు అరటిపళ్ళు తెచ్చి ఊచల్లోంచి అందించింది. మంచి పిల్లే, కానీ ఆ రోజు ఆ పిల్ల వదిన వైపు చూసిన చూపు నేను చూశాను. నలుగురికి వండిపెట్టి మెతుకు పారెయ్యని మనిషికి, అత్తగారిని పస్తు పెట్టిందన్న మాట పడింది. ఎవరికని చెప్పుకుంటుంది? ఎంతమంది ఇంటికని వెళ్ళి చెప్తుంది?

"నాకు తల తీసేసినట్టుంది," అంది నాతో. "అయినా తాళం తియ్యలేను. తీస్తే మేం నలుగురం ఎండుతాం."

ఉపాయం చెప్పింది ఫిట్టరుగారే. సరుకంతా నా ఇంట్లో దాచి, డ్రమ్ముల్లో, డబ్బాల్లో ఇసక నింపి పైన పల్చగా బియ్యం, పప్పు పరుద్దామన్నారు. తాళం తీసేయొచ్చు, ఆవిడ మూతలు తీసి చూసుకుని తృప్తి పడుతుందన్నారు. నా మంచం కిందా మిషను కిందా సంచులు పేర్చుకున్నాం. రెండు రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంది. పెద్దావిడ ఒక్కో మూతా తీసి, చూసి, పెట్టి, మంచం ఎక్కి పడుకునేది.

మూడో రోజు బడి నుంచి వచ్చిన మనవరాలికి పళ్ళెంలో వడ్డించింది. పైనున్న నాలుగు గింజలూ, కింద ఇసకా.

"తిను తల్లీ."

పిల్ల భయపడింది. "ఆకల్లేదు నాన్నమ్మా."

"ఎందుకు లేదూ? నిన్న పెట్టలేదని కోపమా? నిన్న లేదమ్మా, ఉంటే పెట్టనా? ఇవాళ ఉంది. చూడు, నేనూ తింటున్నా."

పిడికెడు తీసి నోట్లో వేసుకుని నమిలింది. పిల్ల "అమ్మా!" అని అరిచిన అరుపుకి నేనూ పరిగెత్తాను. వదిన అత్తగారి దవడలు పట్టుకుని, వేలు పెట్టి నోట్లో ఇసక తీస్తోంది. ఆవిడ మింగెయ్యాలని చూస్తోంది, తిండి నోట్లోంచి లాక్కుంటున్నారని ఏడుస్తోంది. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది.

ఆ సాయంత్రం వదిన ఇసక మొత్తం పెరట్లో పారబోసింది. నా ఇంటికొచ్చి సంచులు మోసుకెళ్ళడం మొదలుపెట్టింది.

"కొంతైనా నా దగ్గర ఉండనివ్వు వదినా," అన్నాను.

ఆవిడ కూడా అదే అనుకుంది. ముందు సగమే పోసింది. పెద్దావిడ డ్రమ్ములోకి తొంగి చూసి, "అడుగు కనిపిస్తోంది, అడుగు కనిపిస్తోంది," అంటూ నుదురు గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేనూ వదినా చెరో చెయ్యీ పట్టుకున్నా ఆగలేదు. డ్రమ్ము నిండాకే ఆగింది. సంచులన్నీ వెళ్ళిపోయాయి.

ఆ నెలలోనే మిల్లు మూసేశారు. ఫిట్టరుగారు రోజూ అలవాటు ప్రకారం తయారై గేటు దాకా వెళ్ళి, అంటించిన కాగితం మళ్ళీ చదివి వచ్చేవారు. ఇలాంటి రోజు కోసమే కదా వదిన ఇన్నేళ్ళు కూడబెట్టింది. సమ్మె రోజుల్లో అత్తగారు ఇల్లు నిలబెట్టినట్టు ఇప్పుడు తను నిలబెట్టాల్సిన సమయం. కానీ అత్తగారు గుమ్మంలో కూర్చుని దారినపోయే వాళ్ళని పిలిచి పెట్టేస్తోంది. "తిన్నావా? పిల్లలు తిన్నారా? పట్టు సంచి," అంటూ దోసిళ్ళతో బియ్యం పోసేది. ఆ క్షణంలో ఆవిడ మొహం ఎంత బాగుండేదో చెప్పలేను. పాలవాడు తీసుకుని, సందు చుట్టూ తిరిగి వచ్చి పెరటి గుమ్మంలో వదినకి ఇచ్చేసి వెళ్ళేవాడు. అద్దెవాళ్ళమ్మాయి కూడా అంతే. ఆ పిల్లకి అప్పటికి సంగతి అర్థమైంది. వీధి ఊడ్చే ఆవిడ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

"అడగనా?" అన్నాను.

"వద్దు. ఆవిడ నిజంగానే తినలేదేమో," అంది వదిన.

మధ్యాహ్నాలు కూర్చుని చెరిగేది. పప్పులో కలిసిన బియ్యం, బియ్యంలో కలిసిన గింజలు, వేరు చేసి మళ్ళీ డబ్బాల్లో పోసేది. మర్నాటికి మళ్ళీ కలిసిపోయేవి. ఒకరోజు చేట కింద పెట్టి, "ఇక కలిపే వండుతాను. కడుపులోకెళ్ళాక అన్నీ కలిసేవే," అంది. అది జోకని తెలిసేసరికి నవ్వే సమయం దాటిపోయింది.

పప్పులకి పురుగు పట్టకుండా ఆముదం పట్టించడం ఆ ఇంట్లో ఏటా జరిగే పనే. రెండు చెంచాలు చేతిలో పోసుకుని, ప్రతి గింజకీ అంటేలా పామి ఎత్తి పెడతారు. ఆ రోజు వదిన డాబా మీదికి బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళింది. ఫిట్టరుగారు గేటు దగ్గర. పిల్ల బడిలో. నాకు గోడ అవతల నుంచి ముందు వాసన వచ్చింది.

కొట్టుగది ముందు దుప్పటి పరిచి, మిగిలిన బియ్యం, పప్పులు, గింజలు అన్నీ దాని మీద పోసింది పెద్దావిడ. పక్కన స్టవ్వుకి వాడే కిరసనాయిలు డబ్బా, ఖాళీగా. రెండు చేతులతో కింది నుంచి పైకి తెస్తూ, అరచేతుల మధ్య పాముతూ, ఒక్క గింజ దుప్పటి దాటకుండా పని చేస్తోంది. చేతుల్లో తొట్రుపాటు లేదు. పదేళ్ళ కిందట ఎలా చేసేదో అచ్చం అలాగే.

వదిన మెట్లు దిగి వచ్చింది. తడి బకెట్టు చేతిలోనే ఉంది.

"వచ్చావా అమ్మాయ్," అంది పెద్దావిడ. "చూడు, ఇక ఒక్క పురుగు పట్టదు. ఏడాది దాకా నీకు బెంగ లేదు."

నేను వదిన మొహం వైపు చూడలేకపోయాను. అరుస్తుందనుకున్నాను. ఒకవేళ అరిచినా తప్పుపట్టేదాన్ని కాదు. ఆవిడ బకెట్టు దించి, దుప్పటి పక్కన కూర్చుని, ఆ తడిసిన గింజల్లో చేతులు పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"బాగా పట్టించారత్తయ్యా," అంది.

తర్వాత అత్తగారి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది. గింజలు కూడా కడిగి చూసింది, ఎన్ని నీళ్ళు పోసినా వాసన పోలేదు. ఆ నీళ్ళు వార్చి ఎండలో ఆరబోసింది, అప్పటికీ పోలేదు. కోళ్ళవాళ్ళు కూడా వద్దన్నారు. ఫిట్టరుగారు గొయ్యి తవ్వి పూడ్చారు. తవ్వుతున్నంతసేపూ ఆయన నవ్వనూ లేదు, మాట్లాడనూ లేదు.

ఆ పైన వదిన ఒక క్యాంటీనులో కూరలు తరిగే పనికి కుదిరింది. ఫిట్టరుగారు పార్సెల్ ఆఫీసులో మూటలు ఎత్తేవారు. పగలు పెద్దావిడ నా మిషను పక్కన కూర్చునేది. గుడ్డముక్కలు ఇస్తే దొంతర్లు పేర్చేది. కొట్టుగది ఖాళీగానే ఉంది, తలుపు తీసే ఉంది. విచిత్రమేమిటంటే ఆవిడ ఇక దాని వైపు చూడడం మానేసింది. డ్రమ్ము అంటే ఏమిటో కూడా మర్చిపోయింది. అది ఒక నెల ముందు మర్చిపోతే ఎంత బాగుండేదని నాకు అనిపించింది. వదినకీ అనిపించే ఉంటుంది.

చలికాలానికి ఆవిడ నోరు తెరవడమే మానేసింది. తిండి అంటే ఏమిటో తెలియనట్టు పెదవులు బిగించేది. వదిన క్యాంటీను నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, జావ కాచి చెంచాతో పట్టుకుని కూర్చునేది. "కొంచెం అత్తయ్యా. ఒక్క చెంచా. పిల్లలందరూ తినేశారు, మీరే మిగిలారు," అనేది. ఒక్కోసారి ఆ మాటకి పెదవులు తెరుచుకునేవి. చాలాసార్లు చుబుకం మీదుగా కారిపోయేది. అలా కారుతూ కారుతూ, ఒక ఉదయం ఆవిడ వెళ్ళిపోయింది.

మిల్లు తర్వాత సగం మందితో తెరిచారు. ఆ సగంలో ఫిట్టరుగారు లేరు. వదిన ఇప్పటికీ క్యాంటీనుకే వెళ్తోంది. వస్తూ వస్తూ ఆ పూటకి సరిపడా బియ్యం, పప్పు పొట్లాలు కట్టించుకుని తెస్తుంది. వానలు రాకముందే ధరలు పెరుగుతాయట, ఒక బస్తా వేయించుకో వదినా అని మొన్న నేనన్నాను.

"చూద్దాంలే," అంటూ పొట్లం విప్పి ఎసట్లో పోసింది.