దానియేలు సార్‌కు చదివిన రెండో భాగం

చౌరస్తాలో ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం ముందు నిలబడితే ఇప్పటికీ ముక్కు చురుక్కుమంటుంది. ఆ పుల్లటి ఘాటు వేరేవాళ్ళకు దగ్గు తెప్పిస్తుందేమో, నాకు మాత్రం అంతరిక్షం గుర్తుకొస్తుంది. నవ్వకండి. గ్రహాలూ యుద్ధనౌకలూ నాకు పరిచయమైంది బొగ్గు గని దీపాల గదిలో, ఛార్జింగుకు పెట్టిన బ్యాటరీల మధ్యనే. పరిచయం చేసింది ఆ గదికి పెద్ద, దానియేలు సార్. నేను దీపాలు తుడిచేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో మా అమ్మకు కూడా తెలియదు.

సార్ దగ్గర దిండంత లావు ఇంగ్లీషు నవల ఉండేది. చాలా భాగాలుగా వస్తున్న అంతరిక్ష గాథలో అది మొదటిది. రాత్రి చదివింది పొద్దున నాకు తెలుగులో చెప్పేవారు. ఓడలో రెండు తలుపుల గది ఉంటుందని, ఒకటి మూశాకే ఇంకోటి తెరవాలని ఆయన వివరించబోతుంటే, "గంతేనా సార్, మన గనిల గాలి తలుపులసొంటియే గద" అన్నాను. ఆయన నావైపు కొత్తగా చూశారు. "అరే రాజేశం, గీ ముక్క సమజ్ కానికి నేను మూడుసార్లు చదివిన్రా." బడిలో ఏ పంతులూ నాతో అలాంటి మాట అనలేదు.

గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ మాకిచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. దీపం రాలేదంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు లెక్క. ఒకరోజు మొదటి షిఫ్టు అయిపోయినా పోచయ్య బావ దీపం రాలేదు.

"ఎప్పుడో ఇంటికి పోయిండట సార్. వచ్చిందని రాయుండ్రి" అన్నాను.

"నువ్వు చూసినవా?"

"చూడలే. అందరంటున్నరు."

"అందరి కండ్లతోని నేను రాయ."

వెతకడానికి మనుషులు దిగారు. రెండు గంటల తర్వాత పోచయ్య బావ కల్లు కాంపౌండులో దొరికాడు, నెత్తిన టోపీ, టోపీకి దీపంతో సహా. వెతికినవాళ్ళు సార్‌ను తిట్టిన తిట్లు రాయడానికి ఈ పేజీ చాలదు. నేను పడీపడీ నవ్వాను. సార్ నవ్వలేదు. "గీసారి కల్లు కాడున్నడు. ఇంకోసారి నిజంగ కిందనే ఉంటే?" అని మాత్రం అన్నారు.

ఆయన రిటైరైన కొన్నాళ్ళకు షుగరు చూపును తినేసింది. సెంటినరీ కాలనీలో కూతురు రూతక్క క్వార్టర్‌కు చేరారు. సరిగ్గా అప్పుడే నవల రెండో భాగం వచ్చింది. మొదటి భాగం చివర ఒక ఇంజనీరమ్మ ఓడను కాపాడటానికి తాను బయటివైపు ఉండిపోయి తలుపు మూసేస్తుంది. ఆమె బతికిందా లేదా అన్నది సార్‌ను ఏళ్ళ తరబడి తొలుస్తున్న ప్రశ్న. నాకు కబురొచ్చింది.

"నాకు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునుడు వస్తది గాని అర్థం తెల్వది సార్."

"అర్థం నా దగ్గరున్నది, కండ్లే లెవ్వు. ఇద్దరం కలిస్తె ఒక్క మనిషైతంరా." మళ్ళీ ఆయనే అన్నారు: "ఆపరేషన్ అయింది, మెల్లగ చూపొస్తదని డాక్టరు రాసిండట, రూతు చదివి చెప్పింది. మూడో భాగం నేనే చదువుకుంట. గీ ఒక్కటి నువ్వు చదువు."

ఎనిమిది నెలలు, డ్యూటీ దిగి నాలుగింటికి వెళ్ళేవాణ్ణి. ఒక్కో మాట దగ్గరా కాలికి రాయి తగిలినట్టు తడబడుతూ చదివేవాణ్ణి. ఆయన దాన్ని తెలుగు చేసి నాకే తిరిగి ఇచ్చేవారు. గెలాక్సీ చక్రవర్తికి మా పాత మేనేజర్ గొంతు పెట్టి చదివితే సార్ పొట్ట పట్టుకుని నవ్వేవారు. పోనుపోను సగం వాక్యాలు ఆయన చెప్పకముందే నాకు తెలిసిపోయేవి. అదే నా కొంప ముంచింది. ఒక సాయంత్రం పేజీ తిప్పగానే ఇంజనీరమ్మ శవం కనపడింది.

నోరు తెరిచాను. "షీ ఈజ్ ఆల్రైట్. డోర్ ఓపెన్. షీ కమ్స్ ఇన్. ఎవ్రీబడీ వెరీ హ్యాపీ."

సార్ తల నావైపు తిప్పారు.

"ఎనిమిది నెలల్ల ఒక్క లైను గూడ నువ్వు గింత సాఫ్‌గ చదువలేదురా" అన్నారు. "ఉన్నది చదువు."

చదివాను. ఆమె చనిపోయింది. సార్ మళ్ళీ చదవమన్నారు, మళ్ళీ చదివాను. అప్పుడాయన దిండు కింద నుంచి మడత పెట్టిన దవాఖాన కాగితం తీశారు.

"రూతు దీన్ని నీలెక్కనే సాఫ్‌గ చదివింది. నువ్వు తడబడుకుంట చదువు."

వంటింటి గడపలో రూతక్క నిలబడి ఉంది. వద్దన్నట్టు తల ఊపింది. ఆయనకు కనపడదు కదా. అబద్ధం చెబితే ఆ ఇంట్లో అందరం హాయిగా చాయ్ తాగేవాళ్ళం. అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను. చివరి వాక్యం దగ్గరికి వచ్చేసరికి, ఆయన తెలుగు చేయకుండానే నాకు అర్థమైంది. చూపు ఇక రాదు.

రూతక్క ఏడుస్తూ వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడింది. "నీ ఆశ తెంపబుద్ధి కాలే నాయినా."

ఆయన తడుముకుంటూ ఆమె తల మీద చెయ్యి వేశారు. "తెల్సు బిడ్డా. గాని పొద్దున లేస్తె రోజూ దీపం వచ్చిందా అని చూసుకునుడైతున్నది నాకు. ఇగ చూడ. నిమ్మళంగ ఉన్నది." తర్వాత నావైపు, అంటే నేనున్నాననుకున్న వైపు తిరిగారు. "రాజేశం, మూడోదానికి గూడ నువ్వే రావాలెరా."

వెళ్ళాను. మూడో భాగం సగంలో ఉండగా సార్ పోయారు. మిగిలిన సగం నేనొక్కణ్ణే చదివాను, గొంతెత్తి, తడబడుతూనే.

ఇప్పుడు మా వాడకట్టులో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెస్తారు. పెండ్లి పత్రికైతే వరుడి పేరు మార్చి చదివి తిట్లు తింటాను. దవాఖాన కాగితమైతే నా నోట్లో పరాచికం పుట్టదు. మొన్న పక్కింటి లచ్చవ్వ భర్త రిపోర్టు తెచ్చింది. ఇచ్చీ ఇవ్వకముందే, "మంచిగనే ఉన్నదను కొడుకా" అంది.

"ఉన్నదే చదువుత అవ్వా. చదివినంక ఎంతసేపంటె అంతసేపు నీ పక్కన కూసుంట."

ఆమె కాసేపు కాగితం వదల్లేదు. తర్వాత వదిలింది.