చుట్ట తాగిన ఇస్త్రీ పెట్టె

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుట్టు దాచడం చేతనైనది బొగ్గుకొక్కదానికే అనుకునేదాన్ని. తాండూరులో స్టేషన్‌కు పోయే బాటలో, ఇంటి ముందు అరుగు మీదే మా తాత ఇస్త్రీ చేసేవాడు. నాలుగో తరగతితోనే బడికి దండం పెట్టిన నాకు వచ్చిన సైన్సంతా ఆ ఇస్త్రీ బల్ల దగ్గర వచ్చిందే. ఒకసారి కిరోసిన్ కంపు కొట్టే చొక్కాను బొగ్గుల మూటతో పాటు రేకు పెట్టెలో పెట్టి మూశాడు. కొన్నాళ్లకు తీస్తే కంపు లేదు. బొగ్గుకు ఒళ్లంతా కంటికి కనబడని బొక్కలుంటాయని, వాసన పోయి వాటిలో కూర్చుంటుందని చెప్పాడు. ఆ మాట వాడకట్టంతా చాటింది నేనే.

తాతకు చుట్ట అలవాటు. దగ్గు ముదిరాక, చుట్ట మానకపోతే మనిషి దక్కడని వికారాబాద్ డాక్టరు మా అవ్వతో అనడం నేను విన్నాను. ఆ రోజు నుంచి తాత దగ్గినప్పుడల్లా ఆయన దగ్గరికి ఉరికేదాన్ని. మానమని ఏడిస్తే ఆయన నవ్వి బేరం పెట్టాడు.

"నువ్వు బెల్లం మాను బిడ్డా, నేను చుట్ట మానుత. ఒట్టు."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు, నేను ఆయన తల మీద పెట్టాను. మా ఇంట్లో బెల్లం కోసం చీమలకూ నాకూ ఎప్పుడూ పోటీ. ఆ దెబ్బతో చీమలు ఏకగ్రీవంగా గెలిచాయి. పండుగనాడు అందరూ పోలెలు తింటుంటే నేను పూర్ణం తీసి తమ్ముడికిచ్చి ఉత్త పైపొర నమిలాను. రోజూ సాయంత్రం తాత భుజం మీది రుమాలు వాసన చూసి, పాసయ్యావని చెప్పేదాన్ని. ఆయన బుద్ధిగా తల వంచి నిలబడేవాడు.

చలికాలంలో ఒక పొద్దున బస్తాలో బొగ్గు అయిపోయింది. అవ్వ రేకు పెట్టెలోని మూట విప్పి, ఆ బొగ్గే ఇస్త్రీ పెట్టెలో పోసి అంటించింది. అది వేడెక్కిందో లేదో చుట్ట వాసన గుప్పుమంది. తాత చేతులు ఖాళీ. ఇస్త్రీ పెట్టే చుట్ట తాగుతున్నట్టుంది.

తాత రోజూ బయట చుట్ట కాల్చుకొని, వాము నమిలి, రుమాలును ఆ రేకు పెట్టెలో బొగ్గు పక్కన దాచి నా పరీక్ష వేళకు తీసేవాడట. నాకు నేర్పిన విద్యతోనే నన్ను ముంచాడు.

"ఒట్టు వెట్టినవ్ గద తాతా" అన్నాను.

"అది గప్పుడే తీసి గట్టు మీద వెట్టిన. నీకు చెప్పుడు మర్సిన."

"గా గట్టేదో చెప్తే నా బెల్లం ఒట్టు గూడ ఆడనే వెడ్త."

అందరూ పడీపడీ నవ్వారు. ఏడుపు వచ్చే చోట హాస్యం పెట్టడం నాకు ఆ రోజే పట్టుబడింది. మరుసటి చలికాలానికి తాత లేడు.

మొన్న నా మనుమరాలు తన పరిశోధన గురించి చెప్పింది. గ్యాసును సన్నని బొక్కలున్న పొడుల్లోనూ, రెండు మూడు లోహాలు కలిపి కరిగించిన ముద్దల్లోనూ దాచిపెట్టడమే దాని పని. పొడి తన బొక్కల గోడలకు అంటించుకుంటుందట, లోహమైతే ఏకంగా లోపలికే మింగుతుందట.

"వేడి చేస్తే?" అని అడిగాను.

"చాలా మటుకు ఇడిసిపెడ్తది అమ్మమ్మా."

నాకు తెలుసన్నాను. అది నమ్మలేదు, నవ్వింది. తను తెచ్చిన బెల్లం పల్లిపట్టి నా చేతిలో పెడితే పక్కన పెట్టేశాను. షుగరా అని అడిగింది. అవునన్నాను. షుగరూ లేదు, ఏమీ లేదు. నా తల మీది ఒట్టు తాత తీసేశాడు. ఆయన తల మీద నేను పెట్టింది ఇంకా తీయలేదు.