వర్జ్యం వచ్చేస్తోందని నా కంప్యూటర్ ఇచ్చేశారు

పొద్దుటి నుంచి ఒళ్లు మండిపోతోంది. మా ఇంట్లో కంప్యూటర్ వాడేది నేనొక్కదాన్నే. ఇక్కడ తాడేపల్లిగూడెంలో ఇంటి దగ్గరే శుభలేఖలు తయారు చేసి ప్రెస్సులకి పంపిస్తుంటాను. ఈ రోజు కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి నా పాత విండోస్ కంప్యూటర్ లేదు. దాని చోట పసుపూ కుంకుమా పెట్టిన కొత్త మ్యాక్ ఉంది. కెమెరా మీద కూడా బొట్టే!

"పాతది ఏదండీ?" అని మా ఆయన్ని అడిగాను.

"ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను."

"అందులో నా డిజైన్లన్నీ ఉన్నాయి కదండీ! కాపీ చేసుకోనివ్వకుండా ఎలా ఇచ్చేశారు?"

"నువ్వొచ్చేదాకా ఆగితే వర్జ్యం వచ్చేసేది. అయినా టైపింగే కదా, దేంట్లో చేస్తే ఏంటి?"

దేంట్లో చేస్తే ఏంటట! నేను వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ ఇందులో ఎక్కదని, కొనేముందు ఒక్క మాట అడిగితే చెప్పేదాన్ని కదా. షాపుకి ఫోన్ చేస్తే, పాతదాన్ని అప్పుడే ఫార్మాట్ చేసేశామన్నారు. ఇన్నేళ్లుగా కూర్చుని గీసుకున్న తోరణాలూ, కలశాలూ, పల్లకీలూ అన్నీ పోయాయి.

సాయంత్రం ఆయనే టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చున్నారు. "తణుకులో మా ఫ్రెండు వాళ్లమ్మాయి పెళ్లి. శుభలేఖ రేపటికల్లా చేసిచ్చెయ్. మాటిచ్చేశాను."

"అలాగేనండీ. వర్జ్యం లేకుండా చూసుకుని మొదలుపెడతాను" అన్నాను.

ఆ ముహూర్తమేదో ఇది చదువుతున్న మీరే పెట్టండి. మరీ దగ్గర్లో మాత్రం వద్దు.