జినువాయి కాలికి కట్టిన చీటీ

ఆ భవనంలో ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ చీటీలమ్మే. చచ్చిన పిట్టల కాళ్ళకు చీటీలు రాసి కట్టడం ఆవిడ ఉద్యోగం. ప్రదర్శనశాలకు వచ్చే జనం కింది అంతస్తు చూసి వెళ్ళిపోతారు. అక్కడ అద్దాల వెనక పులి ఉంటుంది, నోరు తెరిచిన మొసలి ఉంటుంది. చీటీలమ్మ రాజ్యం పై అంతస్తులో, కిటికీలకు ముదురు తెరలు వేసిన పొడవాటి గదిలో. ఇనుప బీరువాలు, బీరువాల్లో సొరుగులు, సొరుగుల్లో వెల్లకిలా పడుకోబెట్టిన పిట్టలు. కళ్ళుండాల్సిన చోట దూది, ముడేసిన కాళ్ళకు దారంతో చీటీ. ఆవిడ ఇంటికి వెళ్ళాక కూడా చీరలోంచి కలరా ఉండల వాసన పోయేది కాదు.

ఇరవై మూడో సొరుగు జినువాయిలది. జినువాయి అంటే పెద్ద గొప్ప పిట్టేమీ కాదు. పిచ్చుకకన్నా చిన్నది, గింజలు ఒలుచుకుని తినడానికి లావాటి ముక్కు, గుంపు వదిలి బతకలేని ప్రాణం. అన్నీ ఒక్క కుటుంబమే గానీ రకాలు వేరు. పొట్ట మీద చేప పొలుసుల్లా మచ్చలుండేది చుక్కల జినువాయి. తలా మెడా మసి పూసినట్టుండేది నల్లతల జినువాయి, దాని కాపురం రెల్లుగడ్డిలో. తోక మొదట్లో తెల్లపట్టీ ఉండేది తెల్లనడుము జినువాయి, అది కొండవాలులో పొదలు దాటి రాదు. తెలియనివాళ్ళకు అన్నీ పిచ్చుకలే. చీటీలమ్మ మాత్రం వీపు చూసి రకం చెప్పేసేది.

మిగతా సొరుగులన్నీ నిలబడే తెరిచేది. ఇరవై మూడో సొరుగు తెరవాలంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చునేది. అందులో ఎడమ నుంచి నాలుగోది తెల్లనడుము జినువాయి. దాని చీటీ మీద 'రెల్లుమడుగు' అని ఆవిడ దస్తూరీలోనే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ పిట్ట ఆవిడ ప్రాణం తోడేస్తోంది. సొరుగు తెరవగానే కలరా ఉండల వాసనలోంచి తడి రెల్లు వాసన కొట్టేది. పట్టపగలు, పక్క గదిలో గుమస్తాలు టీ తాగుతూ నవ్వుకుంటుండగా, మూసిన సొరుగులోంచి సన్నటి కూత వినబడేది. మొదట్లో ఎలుక అనుకుంది. బోను కూడా పెట్టించింది. ఎలుకా పడలేదు, కూతా పోలేదు.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆ గదిలో ఆవిడకు తోడు ఆవిడ అన్న ఉండేవాడు. అన్న పని బయట, వలా సంచీ వేసుకుని తిరిగి పిట్టల్ని పట్టి తేవడం. చెల్లెలి పని లోపల, తోలు ఒలిచి, రంపపు పొట్టు చల్లి ఆరబెట్టి, దూది కూరి, కుట్టి, చీటీ కట్టడం. ఆ పనికి ఒకటే నియమం. ముందు చీటీ, తర్వాత కత్తి. పిట్ట ఎక్కడ, ఏ రోజు దొరికిందో రాసి కాలికి కట్టాకే పొట్ట మీద కత్తి పెట్టాలి. చీటీ లేని పిట్ట పిల్లికి తప్ప ఎవరికీ పనికిరాదని ఆ శాఖ చూసే పెద్దసారు పదేపదే అనేవారు. అప్పటికి పదేళ్ళ సర్వీసులో చీటీలమ్మ ఒక్క చీటీ కూడా తప్పు కట్టలేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తకపోతే తనే ఎత్తేది.

ఆ రోజు బల్ల మీద రెండు పిట్టలున్నాయి. ఒకటి కొండవాలులో పట్టిన తెల్లనడుముది, ఇంకోటి రెల్లుమడుగులో పట్టిన నల్లతలది. చీటీలు రెండూ రాసి ఉన్నాయి, కట్టడమే తరువాయి. అన్న బల్ల అంచున కూర్చుని పెద్దసారు నడకనూ దగ్గునూ అనుకరిస్తున్నాడు. "నీ చేతిలో పడితే ఎంతటివాడి చీటీ అయినా చిరిగినట్టేనే చెల్లీ" అన్నాడు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతూ, నవ్వుతూనే కత్తి అందుకుంది. నల్లతలదాని తోలు మెడ దగ్గర చిరిగిపోయింది. దాన్ని చెత్తలో పడేసి, రెండోది కుట్టడం అయ్యాక చేతికందిన చీటీ కట్టేసింది. మిగిలిన చీటీ పొట్టుతో పాటు ఊడ్చేసింది. ఆ నవ్వే కొంప ముంచింది.

మర్నాడు పెద్దసారు ఆ పిట్టను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశారు.

"తెల్లనడుముది రెల్లులో దొరికిందా? ఇంతవరకు ఎవరూ రాయలేదే. నిజంగా అక్కడే పట్టావా?" అని అన్నను అడిగారు.

అన్న చెల్లెలి వైపు చూశాడు. ఆవిడకు అప్పుడే వెలిగింది ఏం చేసిందో. ఆవిడ ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆ వారమే పెద్దసారు సంతకానికి వెళ్ళింది. ఆవిడ తల వంచుకుని, రాయడానికేమీ లేని కాగితం మీద ఏదో రాస్తూ కూర్చుంది.

"అక్కడే సార్, రెల్లులోనే" అన్నాడు అన్న.

"ఒకటి చాలదయ్యా, ఎవరూ నమ్మరు. ఇంకో రెండు పట్టుకురా."

మెట్ల దగ్గర అన్న ఆవిడ నెత్తి మీద చిన్నగా మొట్టాడు. "పోనీలే, నేను చూసుకుంటా. నువ్వు నోరు మెదపకు" అన్నాడు. ఆవిడ మెదపలేదు. వానలు మొదలైన వారానికి పడవేసుకుని రెల్లుమడుగులోకి వెళ్ళాడు. పదో రోజున పడవ బోర్లా పడి తేలుతూ కనబడింది. మనిషి కనబడలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు చీటీలమ్మ ఒడ్డంతా తిరిగింది, రెల్లులోకి కేకలేసింది. అప్పుడు కూడా అసలు సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎవరు ఊరుకుంటారు?

ఆ తర్వాత ఆవిడ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. వదిన ఇంట్లోనే ఉండిపోయింది. వదిన ముందుగదిలో బట్టలు కుట్టేది, చీటీలమ్మ జీతం తెచ్చి ఆమె చేతిలో పెట్టేది. మూడేళ్ళ మేనకోడలిని ఇద్దరూ పెంచారు. ఎంత త్యాగమో అని వీధంతా మెచ్చుకునేది. మెచ్చుకున్నప్పుడల్లా ఆవిడకు ముద్ద దిగేది కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఇంట్లో ఎవరు 'మడుగు' అన్నా, 'పడవ' అన్నా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆ పిల్లకు ఇరవై ఒకటి నిండాయి. ఎవరి పోలికో చెప్పక్కర్లేదు, చదవడానికి పిట్టల చదువే దొరికింది. ఒక మధ్యాహ్నం గొడుగు దులుపుకుంటూ పై అంతస్తుకు వచ్చి, ఇరవై మూడో సొరుగు తెరవమంది.

"అత్తా, అనుమతి వచ్చేసింది. సోమవారం రెల్లుమడుగుకి వెళ్తున్నా. ఈ తెల్లనడుముది అక్కడ ఉన్నట్టు లోకంలో ఇదొక్కటే ఆధారం. నాన్న పట్టిన చోటే వెతుకుతాను."

"వానాకాలం కదమ్మా."

"నాన్న వెళ్ళింది కూడా వానల్లోనేగా. గూళ్ళు పెట్టేది అప్పుడే."

"పోనీ వచ్చే ఏడాది వెళ్ళకూడదూ? పడవలు మంచివి దొరకవు. నీకు ఈత కూడా సరిగా రాదు."

"పడవ మాట్లాడేశాను. నువ్వు ఊరికే కంగారుపడకు అత్తా."

పిల్ల ఆ పిట్టను అన్న పట్టుకున్నట్టే పట్టుకుంది, రెండు వేళ్ళ మధ్య మెడ వాలకుండా.  చీటీలమ్మకు సొరుగులోంచి తడి రెల్లు వాసన గుప్పున కొట్టింది. ఇన్నేళ్ళూ మింగలేకా కక్కలేకా మోసిన మాట ఇప్పుడు బయటికి రాకపోతే ఈ పిల్ల కూడా ఆ నీళ్ళలోకి పోతుంది. ఆవిడకు ఆ క్షణంలో తెలిసింది అదొక్కటే.

"అది అక్కడిది కాదు" అంది.

"ఏది?"

"ఆ పిట్ట. కొండది. చీటీ నేను తప్పు కట్టాను. మీ నాన్నకి తెలుసు. నన్ను కాపాడటానికి అవునన్నాడు, అందుకే వెళ్ళాల్సి వచ్చింది. అక్కడ తెల్లనడుముది ఎప్పుడూ లేదు తల్లీ."

పిల్ల పిట్టను జాగ్రత్తగా సొరుగులో పెట్టింది. దాని చీటీని వేలితో తిప్పి చూసింది. కింద ఎవరో మొసలిని చూసి కేరింతలు కొడుతున్నారు.

"తప్పు చీటీని ఏం చేస్తారు?" అని అడిగింది చివరికి.

"తీసెయ్యకూడదు. దాని మీద కొత్తది కట్టాలి. రెండూ ఉండాలి."

"అయితే రాయి."

చీటీలమ్మ కలం తీసింది.  'ఇది కొండవాలులో పట్టిన పిట్ట. పాత చీటీ పొరపాటు' అని రాసి ఆగింది. పిల్ల అలాగే చూస్తూ ఉంది. 'పొరపాటు నాది' అని రాసి, సంతకం చేసి, తారీఖు వేసి కట్టింది.

"నేను వెళ్ళను" అంది పిల్ల. "మరి అమ్మకి ఎవరు చెప్తారు?"

ఇంటికి వచ్చేసరికి వాన వెలిసింది, ఇంకా వెలుతురు ఉంది. వదిన ముందుగదిలో మిషను మీద ఎవరిదో పాత లంగాకు అంచు కుడుతోంది. చీటీలమ్మ గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని భయం. వదిన చక్రం తిప్పడం ఆపింది గానీ తల ఎత్తలేదు.

"నాకు తెలుసు" అంది.

పిల్ల తల్లి వైపు చూసింది. "ఎప్పటి నుంచమ్మా?"

"వెళ్ళిన రోజు పొద్దున చెప్పాడు. చెల్లి పొరపాటున కట్టేసింది, దాన్నేం అడక్కు, ఉద్యోగం గురించి బెదిరిపోతోంది, నాలుగు రోజులు పడవలో కూర్చుని దొరకలేదని చెప్పి వచ్చేస్తానన్నాడు. వెతకను కూడా వెతకనన్నాడు."

చీటీలమ్మ ఒక అడుగు లోపలికి వేసింది. "మరి నన్ను ఒక్క మాటైనా అనలేదేం వదినా?"

"అడగొద్దని చెప్పి వెళ్ళాడు కదా. నువ్వే చెప్తావని చూశాను. మొదటి ఏడాది రోజూ చూశాను. నువ్వు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఇవాళ చెప్తుందేమో అనుకునేదాన్ని. తర్వాత చూడటం మానేశాను. ఒకే ఇంట్లో ఉండాలి కదా."

చీటీలమ్మ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. వదిన లేచి రాలేదు, ఊరుకోమని అనలేదు. కుడుతున్న బట్టను ఒళ్ళో మడతపెట్టుకుని, ఆ ఏడుపు కాస్త తగ్గేదాకా ఆగింది.

"అప్పుడే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం" అంది. "నేను ఒక్కదాన్నే ఏడవాల్సి వచ్చింది."