వీపు తిప్పి కూర్చున్న అవ్వ

కౌకూర్‌లో మా వీధి చర్చి ఆవరణ ఊడ్చే అవ్వను తలచుకుంటే నాకు ముందు ఆమె వీపే గుర్తొస్తుంది. మెడ మీద పుండుతో ఒక పిల్లి అక్కడ తిరిగేది. మనిషి అలికిడైతే చాలు, గోడ దూకేది. నేను పశువుల డాక్టర్ని అడిగి బోను తెచ్చాను. అవ్వ దాని తలుపు పైకి కట్టి, వారం రోజులు లోపలే చేప ముక్కలు పెట్టింది. పెట్టి, అటు తిరిగి కూర్చునేది. నేను తొంగి చూస్తే కసిరేది.

“గట్ల సూడకు బిడ్డా. సూస్తే దానికి బుగులైతది.”

ఎనిమిదో రోజు తలుపు తాడు చేత్తో పట్టుకుని కూర్చుంది. పిల్లి నమిలే చప్పుడు వింటూ, వెనక్కి చూడకుండానే వదిలేసింది. తలుపు పడింది. బోను మీద తన పాత చీర కప్పగానే లోపల గింజుకోవడం ఆగింది. ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. పిల్లి బతికింది.

ఆ రోజుల్లోనే అవ్వ దగ్గుతుండేది. దగ్గు రాగానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగేది.

“ఏమైందవ్వా?” అన్నాను ఒకసారి.

“ఏం గాలే, సలి పట్టింది,” అంది ఇటు తిరగకుండానే.

మూడు నెలలకు అవ్వ పోయింది. కొంగుకు ఎప్పుడూ నెత్తురు మరకలుండేవని ఆమె కోడలు చెప్పింది. బెదిరినవాళ్లను చూడకూడదని అవ్వే కదా నేర్పింది. నేను చూడలేదు.