వేగుచుక్క గొంతు

పనిచేసే చోట ఆమెను అందరూ వేగుచుక్క అనేవారు. వెక్కిరింపుగా మొదలైన ఆ పిలుపు రానురాను స్థిరపడి, అసలు పేరు మరుగున పడిపోయింది. నక్షత్రశాలలో టికెట్లిచ్చే కిటికీ దగ్గర ఆమె కుర్చీ. వీపు వెనకే గోడ. గోడకు అవతల చీకటి హాలు, గుండ్రటి పైకప్పు, దానిమీద బొమ్మలు వేసే యంత్రం దగ్గర ఆమె భర్త.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, శుక్రగ్రహం ప్రదర్శనకు వ్యాఖ్యానం చదవాల్సినావిడ రాలేదు. "నీ గొంతు బాగుంటుందిగా, నువ్వు చదివెయ్యమ్మా," అన్నాడు అప్పటి మేనేజరు. చదివేసింది. అప్పటికింకా పెళ్లి కూడా కాలేదు. నాటినుంచీ ఆ పడుచు గొంతు రోజూ అదే పాఠం చెబుతోంది. శుక్రుడు భూమికి తోబుట్టువులాంటివాడు, ఒడ్డూ పొడుగూ ఇంచుమించు ఒకటే. కాని అక్కడి మబ్బుల్లో ఉన్నది నీళ్లు కాదు, ఆమ్లం. దట్టమైన గాలి లోపలికొచ్చిన వేడిని బయటికి పోనివ్వదు. సీసం కూడా కరిగి పారుతుంది. సూర్యుడు పడమట పొడుస్తాడు. తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోపే శుక్రుడికి ఏడాది గడిచిపోతుంది.

ఉండే క్వార్టరు కూడా ఆ హాలు వెనకే. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నా, వంటింటి కిటికీలోంచి తన గొంతే వచ్చి పలకరించేది.

"ఏమండీ, ఆ శుక్రుణ్ణి కొన్నాళ్లు ఆపలేరా?" అని అడిగిందొకసారి.

"స్విచ్చి వెయ్యడమే నా పని. ఆపమనాల్సింది ఆఫీసు," అన్నాడు భర్త, పళ్లెంలోంచి తలెత్తకుండా.

వేరే ఊళ్లో కుట్టుపని చేసుకునే చెల్లెలు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే పోరు. "వచ్చెయ్యక్కా. రెండో మిషను ఖాళీగానే ఉంది." ఆ మాటెత్తితే భర్త ముఖం ముడుచుకునేవాడు. "ఉద్యోగాలు వదిలితే క్వార్టరూ వదలాలి. ఈ వయసులో మళ్లీ మూటాముల్లే సర్దుకోమంటావా?" అనేవాడు.

ఇలా ఉండగా కొత్త మేనేజరు కబురు చేశాడు. శుక్రుడి మీద అగ్నిపర్వతాలు ఏనాడో చచ్చిపోయాయని పాత వ్యాఖ్యానంలో ఉంది. అది మార్చాలట. ఆమె ప్రాణం లేచొచ్చింది. మొత్తం మళ్లీ చదివితే పాతది పోతుంది. ఉప్పునీళ్లు పుక్కిలించింది, చల్లటివి ముట్టడం మానేసింది. రికార్డింగు గదిలో మొదటినుంచి చివరిదాకా తడబడకుండా చదివింది.

రికార్డింగు అతను విన్నాడు. "ఏమనుకోకండి మేడమ్. పాత గొంతే బాగుంది. మారిన ఒక్క వాక్యం దాన్లో అతికించేస్తాను."

"మొత్తం చదివాను కదా బాబూ."

"బాగానే చదివారు. కాని జనానికి ఆ గొంతే అలవాటైపోయింది."

ఆమె కాగితాలు దొంతి పెట్టి, బల్లమీద ఉంచి వచ్చేసింది.

మర్నాడు గోడ అవతల పడుచు గొంతు గలగలా సాగుతూ ఉన్నట్టుండి బొంగురుపోయింది. "అక్కడి అగ్నిపర్వతాలు కొన్ని ఇప్పటికీ చల్లారలేదని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు," అంది. ఆ వెంటనే మళ్లీ పడుచు గొంతు అందుకుంది.

ఆట అయ్యాక ఒకాయన కిటికీ దగ్గరికొచ్చాడు. "మధ్యలో ఎవరో ముసలావిడ మాట్లాడిందేంటండీ? మిషనేమైనా పాడైందా?"

"లేదండీ, అదంతే," అంది ఆమె.

ఆయన తల పంకించి వెళ్లిపోయాడు. ఆయన వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఎన్ని టికెట్లు కావాలని వాళ్లను అడిగింది.